అత్తగారి కారుకి ఏ ఆయిలు

ఇంజన్‌లోంచి నాలుగు ప్లగ్గులూ మళ్లీ నల్లగానే బయటికొచ్చాయి.

చిన్నల్లుడు వాటిని చిరిగిన బనియను గుడ్డ మీద వరసగా పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని చూశాడు. పోయిన ఆదివారం డబ్బాలోంచి తీసి బిగించినప్పుడు వాటి మొనలు తళతళలాడుతున్నాయి. ఇప్పుడు బొగ్గుల కుంపట్లో పొర్లి వచ్చినట్టున్నాయి. ఒకదాన్ని వేలితో రాస్తే వేలంతా మసి. ఆ ప్లగ్గునీ, దాన్ని తయారుచేసినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ, కొనమని సలహా ఇచ్చినవాణ్ణీ విడివిడిగా తిట్టాడు. చివర్లో తన్ను తాను తిట్టుకున్నాడు. ఎంత తిట్టినా ప్లగ్గు తెల్లబడదు కదా, అదీ ఏడుపు.

ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే ప్లగ్గు మొన లేత గోధుమరంగులో ఉండాలట. నల్లబడిందంటే లోపలేదో జబ్బు. ఇంతవరకూ అందరూ ఒకటే చెబుతారు. ఆ జబ్బేమిటన్న దగ్గరే ఎవడి నోటికొచ్చింది వాడు వాగుతాడు.

కారు అత్తగారిది. అల్లుళ్లిద్దరూ నిక్కర్లు వేసుకుని తిరిగే రోజుల్లో ఆవిడ దాన్ని కొని డ్రైవింగ్ స్కూలు పెట్టింది. స్కూలంటే ఏముంది, ఒక బోర్డు, ఒక కారు, ఒక నోరు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు దగ్గర కూర్చుంటే, పక్క సీటు కింద ఆవిడకి వేరే క్లచ్చు, వేరే బ్రేకు. డాక్టర్లనీ, లాయర్లనీ, పెద్ద పెద్ద వ్యాపారస్తులనీ ఏకవచనంలో పిలిచి, మోకాలి మీద స్కేలుతో ఒక్కటిచ్చి మరీ నేర్పిన మనిషి.

చూపు మందగించాక స్కూలు మూతబడింది. మూయించింది చిన్నల్లుడే. అతను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. కళ్ల ముందు అద్దాలు మారుస్తూ "ఇది బావుందా, అది బావుందా?" అని పొద్దస్తమానం జనాన్ని అడగడమే అతని ఉద్యోగం. అత్తగారిని కూర్చోబెట్టి ఏ అద్దం వేసినా పెద్దపెద్ద అక్షరాలు కూడా అలుక్కుపోతున్నాయనేసరికి, "ఇక స్టీరింగు ముట్టుకోవద్దు అత్తయ్యా" అని చెప్పేశాడు. ఆవిడ ఇంటికొచ్చి, కారు తాళం గోడకున్న మేకుకి తగిలించింది. అప్పట్నుంచీ కారు బాగోగులు అతని నెత్తిన పడ్డాయి.

పడితే పడ్డాయి, చేసుకునేవాడే. మధ్యలో తోడల్లుడొకడు తయారయ్యాడు.

ఆ పెద్దల్లుడికి బ్యాటరీల వ్యాపారం. ప్రపంచంలో ఉన్న ప్రతి సమస్యకీ ఆయన దగ్గర ఒక బ్యాటరీ ఉంటుంది. పాత కార్ల ఇంజన్లు ఊడబీకి, వాటి స్థానంలో బ్యాటరీ మోటార్లు పెట్టడం ఈమధ్య మొదలుపెట్టాడు. చిన్నల్లుడికి "అరకొర" అని పేరు పెట్టిన మహానుభావుడు కూడా ఆయనే. పేరు పెట్టడానికి కారణం లేకపోలేదు. వరండా గోడకి రంగు సగం దాకానే ఉంది, మేడ మీద గది సగమే లేచింది, కట్టిన పరీక్షల్లో సగమే పాసయ్యాడు. అయినా సరే, నలుగురిలో "మా అరకొర ఎలా ఉన్నాడు?" అని పలకరిస్తే ఎవడికి మాత్రం మండదు?

నెల కిందట భోజనాల దగ్గర పెద్దల్లుడు మొదలెట్టాడు. "అత్తయ్యా, ఒక మోటారు సెట్టు నా దగ్గర ఊరికే పడుంది. మీ కారుకి సరిగ్గా సరిపోతుంది. చప్పుడుండదు, పొగుండదు. ఆ ముసలి ఇంజన్‌ని ఇంకా ఎందుకు హింసపెట్టడం?"

"ఇంజన్‌కేం రోగం లేదన్నయ్యా. ఏదో చిన్న తేడా, నేను చూస్తున్నాగా" అన్నాడు చిన్నల్లుడు.

"చూస్తూనే ఉన్నావు తమ్ముడూ. మొన్న వీధి చివర తోసుకుంటూ రావడం మేమూ చూశాం."

అందరూ నవ్వారు. చిన్నల్లుడి పెళ్లాం కూడా నవ్వబోయి, మొగుడి మొహం చూసి కంచంలోకి తలొంచుకుంది. అత్తగారు మాత్రం నవ్వలేదు. "సరే" అని తీర్పు చెప్పేసింది. "వచ్చే నెల మొదటి ఆదివారం నన్నెక్కించుకుని ఊరవతల గుట్ట మీదికి తీసుకెళ్లు. ఆగకుండా ఎక్కిందా, ఇంజన్ ఉంటుంది. ఆగిందా, పెద్దోడు చెప్పినట్టే కానిద్దాం."

అదిగో, అప్పట్నుంచి చిన్నల్లుడికి కంటి మీద కునుకు లేదు. ఇంజన్ పోతుందన్న బాధ ఒక ఎత్తు. ఈ ఒక్క పనైనా చివరిదాకా చేసి చూపించకపోతే చచ్చేదాకా ఆ పేరే మిగులుతుందన్న ఉక్రోషం ఇంకో ఎత్తు.

ఆయిలు షాపుకెళ్లాడు. కౌంటర్ వెనక కూర్చున్నాయన కారు వయసు వినగానే చేతులెత్తి దణ్ణం పెట్టినంత పనిచేసి, "ఇప్పుడొచ్చే పల్చటి ఆయిళ్లు మంచివి సార్, లోపలంతా కడిగి పారేస్తాయి" అని ఒక డబ్బా చేతిలో పెట్టాడు. కడగడం కడిగింది. ఏళ్ల తరబడి పేరుకుని సీళ్ల సందుల్ని మూసి ఉంచిన మడ్డి కూడా కొట్టుకుపోయి, తెల్లారేసరికి షెడ్డు నేలంతా ఆయిలు. ఇంజన్ కింద చీపురు పెట్టి తుడుస్తూ అతను అన్న మాటలు ఇక్కడ రాయడం బాగోదు.

మెకానిక్ మేస్త్రీ దగ్గరికెళ్తే, "పల్చటిది ఎవడు పొయ్యమన్నాడు? పాతదానికి చిక్కటిదే పొయ్యాలి" అన్నాడు. చిక్కటిది పోశాడు. ఫోన్లో పాత కార్లవాళ్ల గ్రూపొకటి ఉంటే దాంట్లో చేరి అడిగాడు. జింక్ కలిపిన ఆయిలు పొయ్యకపోతే లోపల భాగాలు అరిగిపోతాయని ఒకడు, జింక్ ఎక్కువైతే ప్లగ్గులు పాడవుతాయని ఇంకొకడు. వాళ్లిద్దరూ కొట్టుకు చస్తూ, మధ్యలో ఇతని ప్రశ్న మర్చిపోయారు. షాపుకి కళ్లు చూపించుకోవడానికొచ్చిన ఒక పెద్దాయనైతే, కళ్ల ముందు అద్దం ఉండగానే, "మా నాన్నకీ ఇలాంటి కారే ఉండేదోయ్. ఏ ఆయిలు పడితే ఆ ఆయిలు పోసేవాడు, ఏమయ్యేది కాదు" అన్నాడు. చిన్నల్లుడు పళ్లు నూరుకుని "కింది వరస చదవండి" అన్నాడు.

ప్లగ్గులదీ ఇదే గోల. వాటిలో వేడి ప్లగ్గులని కొన్ని, చల్ల ప్లగ్గులని కొన్ని ఉంటాయట. వేడివి తమ మీద పడ్డ మసిని తామే కాల్చుకుంటాయి, కానీ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. చల్లవి ఎత్తులో బాగా పనిచేస్తాయి, కానీ ఊరికే మసిబారతాయి. చల్లవి పెడితే గుట్ట మొదట్లోనే దగ్గి ఆగిపోయింది. వేడివి పెడితే గుట్ట సగంలో లోపలెవరో సుత్తితో కొడుతున్నట్టు మోగింది. వాటికీ మసి వదల్లేదు. ఆదివారం ఆదివారం ఒక్కడే కారు వేసుకుని గుట్ట దాకా పోవడం, ఒంటినిండా చెమటతో తిరిగి రావడం.

అన్నిటికన్నా బుర్ర తినేసింది ఇంకొకటుంది. ఆయిలు ఎంతుందో చూసే పుల్లని లాగితే, మట్టం పెరుగుతోంది! ముసలి ఇంజన్లు ఆయిలు తాగుతాయని విన్నాడు. ఇదేమో ఎదురు కక్కుతోంది. వాసన చూస్తే పెట్రోలు వాసన. చిక్కటి ఆయిలు కాస్తా వారం తిరిగేసరికి నీళ్లలా జారుతోంది.

"మీరు ఎక్కువ పోశారేమో" అంది పెళ్లాం.

"కొలిచి పోశాను."

"కొలతలో ఎక్కడైనా..."

"నేను రోజంతా చేసేది కొలతల పనేనే!" అని అరిచాడు. అరిచాక సిగ్గేసింది. ఆవిడ సబ్బు తెచ్చి అతని ముందు పెట్టి వెళ్లిపోయింది.

గడువు ముంచుకొచ్చిన వారంలో ఒక పొద్దున, షాపుకి సగం దూరం వెళ్లాక ఫోను ఇంట్లో మర్చిపోయానని గుర్తొచ్చింది. ఆ మతిమరుపుని కూడా ఇంజన్ ఖాతాలోనే వేసి, విసుక్కుంటూ వెనక్కొచ్చాడు. పెళ్లాం అప్పటికే ఆఫీసుకి వెళ్లిపోయింది. గేటు తీయబోతుంటే పెరటివైపు నుంచి ఇంజన్ చప్పుడు వినిపించింది.

దొంగలనుకుని గోడవారగా నక్కి నక్కి వెళ్లాడు. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. స్టీరింగు ముందు అత్తగారు కూర్చుని ఉంది. తలకి నూనె రాసుకుని, చక్కగా జడ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. కారు అంగుళం కదలడం లేదు. చల్లటి ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువ అందించే చోక్ మొత్తం బయటికి లాగి ఉంది. ఇంజన్ జలుబు చేసినట్టు గుడగుడలాడుతోంది, వెనకనుంచి నల్లటి పొగ. ఆవిడ పక్క సీటు వైపు తిరిగి మాట్లాడుతోంది.

"క్లచ్చు మెల్లగా వదులు... మెల్లగా అన్నానా? గుర్రాన్ని తంతున్నావేం? ఆఁ, అలా. అద్దంలో చూశావా? చూడకుండానే చూశానంటావేం, నాకు తెలీదూ?"

పక్క సీటులో ఎవరూ లేరు.

కాసేపటికి ఆవిడ ఇంజన్ ఆపేసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని దిగి, డోరు మీద చేత్తో రెండుసార్లు తట్టింది. చేత్తో గోడ తడుముకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది.

చిన్నల్లుడికి మొత్తం అర్థమైపోయింది. రోజూ పొద్దున్నే చల్లటి ఇంజన్, నిండా చోక్, వేడెక్కకముందే ఆపెయ్యడం. పెట్రోలు సరిగ్గా కాలక, సగం మసై ప్లగ్గులకి పడుతోంది, సగం కిందికి జారి ఆయిల్లో కలుస్తోంది. పల్చటి ఆయిలు పోసినా, చిక్కటిది పోసినా, దేవలోకం నుంచి అమృతం తెచ్చి పోసినా వారంలో ఇదే గతి. ఎన్ని డబ్బాలు, ఎన్ని ప్లగ్గులు, ఎన్ని ఆదివారాలు! అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్లి కడిగేద్దామని రెండడుగులు వేశాడు కూడా.

వేసి ఆగిపోయాడు. ఏమని కడుగుతాడు? ఆవిడ చేతిలోంచి స్టీరింగు తీసేసుకున్నది తనే. ఇప్పుడు ఆగి ఉన్న కార్లో ఆ కాసేపు కూర్చోవడం కూడా మానెయ్యమని చెప్పాలా? ఇన్నాళ్లకి దొంగ దొరికితే, తిట్టడానికి నోరు రాలేదు. ఫోను సంగతి కూడా మర్చిపోయి షాపుకెళ్లి, ఆ రోజంతా వచ్చినవాళ్ల మీద కసురుకుంటూనే ఉన్నాడు.

శుక్రవారం సాయంత్రం పెట్రోలు కలిసిన ఆయిలంతా దించేసి, మేస్త్రీ చెప్పిన చిక్కటిదే కొత్తది పోశాడు. మరీ వేడివీ కాని, మరీ చల్లవీ కాని ప్లగ్గులు, కారు కొన్నప్పుడు ఏ రకం ఉండేవో ఆ రకమే, మొన దగ్గర సందు కొలిచి బిగించాడు. శనివారం షాపుంది. తను వెళ్లగానే ఆవిడ మళ్లీ చోక్ లాగుతుంది, ప్లగ్గులు మళ్లీ నల్లబడతాయి. చెప్పలేడు, ఊరుకోలేడు. చివరికి ఒక తెలివైన పని చేశాననుకున్నాడు. బ్యాటరీ వైరొకటి ఊడదీసి పక్కకి పెట్టి, బానెట్ మూసేశాడు. ఒక్కరోజే కదా, స్టార్ట్ కాకపోతే ఊరుకుంటుందిలే అనుకున్నాడు. మాట్లాడాల్సిన చోట నోరు మూసుకుని తెలివి చూపించేవాళ్లని ఏమనాలో తెలీదు.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి గేటు ముందు పెద్దల్లుడి వ్యాను ఉంది. ఆయన షెడ్డులో బానెట్ ఎత్తి, పక్కనున్న బ్యాటరీ వైపు చూడనైనా చూడకుండా, టేపు పెట్టి ఇంజన్ పొడవూ వెడల్పూ కొలుచుకుంటున్నాడు. అత్తగారు గడప మీద కూర్చుని ఉంది. ఆవిడ ఏడ్చిన మొహాన్ని అతను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"అది పోయింది నాయనా" అంది. "తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. నేనే పెద్దోడికి ఫోను చేశాను. గుట్టా వద్దు, ఏమీ వద్దు. తీయించెయ్."

చిన్నల్లుడు చేతిలో సంచి అక్కడే పడేశాడు. "పోలేదత్తయ్యా! వైరు..." అన్నాడు. "వైరు నేనే తీశాను."

పెద్దల్లుడు టేపు వదిలి తిరిగి చూశాడు. పెళ్లాం వంటింట్లోంచి బయటికొచ్చింది. "ఎందుకు తీశావు?" అన్నాడు పెద్దల్లుడు.

నిజం నాలుక చివర ఉంది. ఈవిడే రోజూ కదలకుండా స్టార్ట్ చేసి ప్లగ్గులు మసిబారుస్తోందన్నయ్యా, నా తప్పు వీసమెత్తు లేదు అంటే చాలు, నెలరోజుల అవమానం తీరిపోతుంది. అత్తగారి చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"ప్లగ్గులు మార్చేటప్పుడు జాగ్రత్తకని తీశాను" అన్నాడు. "మళ్లీ పెట్టడం మర్చిపోయాను."

పెద్దల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరకొర! ఊరికే పెట్టానా ఆ పేరు? అత్తయ్యా, విన్నారా? వైరు పెట్టడం మర్చిపోయాట్ట!" నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "సరే, ఇంతదాకా వచ్చాక రేపు గుట్ట సంగతి కూడా చూసేద్దాం" అన్నాడు. పెళ్లాం మొహం చిన్నబుచ్చుకుని లోపలికెళ్లిపోయింది. చిన్నల్లుడు వైరు బిగించాడు.

ఆదివారం పొద్దున అత్తగారు తన పాత చోటే, పక్క సీటులో, తన పెడల్స్ మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంది. పెద్దల్లుడు చప్పుడు లేని తన బ్యాటరీ కార్లో వెనకాలే బయల్దేరాడు. గుట్ట మొదలయ్యేసరికి చిన్నల్లుడు ముందుకి వంగి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఎక్కడ దగ్గుతుందో, ఎక్కడ టకటక మొదలవుతుందోనని చెవులు రిక్కించాడు.

"మూడో గేర్లో ఎందుకు ఈడుస్తున్నావ్?" అంది అత్తగారు. "దాని ఆయాసం వినపడ్డం లేదూ? రెండులోకి దించు."

దించాడు. ఇంజన్ గొంతు సవరించుకున్నట్టయి ఒకే రాగంలో లాగింది. మొదటి మలుపు, చల్ల ప్లగ్గులకి ఆగిపోయిన చోటు, దాటింది. వేడివి పెట్టినప్పుడు సుత్తి మోగిన చోటూ దాటింది. "కుడివైపు గొయ్యి ఉంటుంది, చూసుకో" అందావిడ, కళ్లు మూసుకునే. నిజంగానే ఉంది. ఎక్కడా ఆగలేదు. గుట్ట మీద ఖాళీ స్థలంలో బండి నిలబెట్టి చేతిబ్రేకు లాగేసరికి, చిన్నల్లుడికి గట్టిగా కేక పెట్టాలనిపించింది. గెలిచాడు! అరకొర కాదు, ఆసాంతం చేశాడు. ఆ ముక్క ఎవరితోనైనా అనాలని పక్కకి తిరిగాడు.

"ఒకసారి స్టార్ట్ చేశాక, వేడెక్కేదాకా నడపాలి" అంది అత్తగారు, ముందుకే చూస్తూ. "నడపకుండా ఆపేస్తే ప్లగ్గులు మసిబారతాయి. నేను చెప్పే మొదటి రోజు పాఠం అదే. నాకు తెలీదనుకున్నావా?"

చిన్నల్లుడు స్టీరింగు మీద మసి మరకని బొటనవేలితో రుద్దాడు.

"వైరు మర్చిపోయానన్నావు. అబద్ధం చెప్పేవాడి గొంతు నాకు తెలీకపోతే ఇంతమందికి నేర్పేదాన్నా?"

"మరి తెలిసీ ఎందుకత్తయ్యా రోజూ..."

"ఏం చెయ్యను? కూర్చుంటే స్టార్ట్ చెయ్యాలనిపిస్తుంది. స్టార్ట్ చేశాక నడపడానికి కళ్లు లేవు." ఆవిడ పైట కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు ఆదివారమైతే చాలు, దీన్ని బయటికి తీసేవాడివి. గేటు తీసేదాన్ని నేను, వేసేదాన్ని నేను. ఈ సీటు ఖాళీగా వెళ్లి ఖాళీగా వచ్చేది."

"దారిలో ఆగిపోతే ఎండలో మీరు ఇబ్బంది పడతారని..."

"ఏ ఆయిలు పొయ్యాలని ఊరందరినీ అడిగావు. ఏ ప్లగ్గు పెట్టాలని దారినపోయేవాణ్ణి కూడా అడిగావు. ఎక్కుతారా అత్తయ్యా అని నన్నొక్కసారి అడిగావా?" గొంతు పెంచలేదావిడ. "ఈ గుట్ట పందెం ఎందుకు పెట్టాననుకున్నావు నాయనా? ఇంజన్ కోసమా? పందెం పెడితేనన్నా నన్నెక్కించుకుంటావని పెట్టాను."

చిన్నల్లుడికి గెలుపంతా ఎక్కడికక్కడ దిగిపోయింది. నెలంతా ఎవరెవరి మీదో పడ్డ కోపం ఒక్కసారిగా తిరిగి తన మీదికే వచ్చింది.

ఈలోపు పెద్దల్లుడు కారు దిగి వచ్చి అద్దం మీద తట్టాడు. "ఒప్పుకున్నానోయ్ తమ్ముడూ! ఇంతకీ ఏ ఆయిలు పోశావేంటి?"

అత్తగారు అద్దం దించింది. "నువ్వెళ్లు పెద్దోడా" అంది. "మేం ఆలస్యంగా వస్తాం."

ఆయన ఏమీ అర్థంకాక వెళ్లిపోయాడు. చిన్నల్లుడు చేతిబ్రేకు దించి, ఇంజన్ వేడిగా ఉండగానే గేరు వేశాడు. వేసి, కదలకుండా, ఆవిడ వైపు తిరిగాడు.

"ఎటు పోనివ్వమంటారు అత్తయ్యా?" అని అడిగాడు. ఇన్నాళ్లలో ఆవిడకేం కావాలో అతను అడగడం అదే మొదటిసారి.